రేపల్లెలో ఫ్లెక్సీ, తెనాలిలో నేను

నవంబరు 3, తెనాలి

రేపల్లె పాసింజరు వచ్చే వేళకి స్టేషన్ దగ్గర కనిపించొద్దని ప్రేమకుమారి పిన్ని మళ్ళీ చెప్పింది. జాగింగ్‌కి కూడా మాస్కే. మాస్కుతో పరిగెడితే ఊపిరెక్కడ ఆడుతుంది? నా ఖర్మ.

మా ఊరివాళ్ళ లెక్కలో నేను మిలటరీ అకాడమీలో ఉన్నాను. నిజానికి పిన్నివాళ్ళ మేడ మీద గదిలో ఉన్నాను.

నవంబరు 4

నిన్న కోపంలో సగమే రాశాను. ఆగస్టులో ఆర్మీ ఆఫీసరు ఉద్యోగానికి బెంగళూరు ఇంటర్వ్యూకి వెళ్ళాను. మొదటి రోజు సగం మందిని ఇంటికి పంపేశారు, నన్ను ఉంచారు. స్క్రీన్డ్ ఇన్ నాన్నా అని ఫోన్ చేశాను. ఇంకా నాలుగు రోజుల పరీక్షలున్నాయని చెప్పేలోపే సంతోషంతో పెట్టేశాడు. ఆ వెంటనే మా ఫోన్లు తీసేసుకున్నారు, అక్కడి రూలు. మా నాన్న బర్నబాస్ మాస్టారికి ఆగడం తెలిస్తే కదా! చర్చిలో కృతజ్ఞతా కూడిక, ఆపైన బిర్యానీ.

ఆఖరి రోజు నన్ను రిజెక్ట్ చేశారు. రైలు దిగితే రేపల్లె స్టేషన్ బయట ఫ్లెక్సీ: లెఫ్టినెంట్ పింకీ గారికి శుభాకాంక్షలు. క్యాడెట్ కూడా కానిదాన్ని! నా టెన్త్ ఫోటోకి మిలటరీ టోపీ అతికించారు.

నాన్న ఏడ్చాడు. ట్రైనింగ్‌కి వెళ్ళిందని అందరికీ చెప్పి నన్ను తెనాలి పంపేశాడు. మళ్ళీ రాయమ్మా, ఈసారి వచ్చేస్తే అబద్ధం కాదుగా అన్నాడు. రిటన్ మళ్ళీ పాసయ్యాను. వయసు ప్రకారం ఇదే ఆఖరి ఛాన్సు.

నవంబరు 23, బాపట్ల

ఆదివారాలు సూర్యలంక ఇసుకలో ప్రాక్టీసు. మాజీ సుబేదారు తోమాసు మాస్టారు తాడు, చెక్క పలక, డ్రమ్ములు ఇచ్చి, టీమంతా నేల తాకకుండా అవతలికి చేరాలంటారు. ఈరోజు లీడర్ని నేనే. సగంలో ఉండగా మా చర్చి యూత్ వాళ్ళు పిక్నిక్‌కి దిగారు. టీముని పలక మీదే వదిలేసి పడవ వెనక దాక్కున్నాను. పలక జారి టీములో అపర్ణకి కాలు బెణికింది.

మాస్టారు అరవలేదు. టీముని వదిలేసి పోయే లీడరు ఎందుకమ్మా, ఇంటికెళ్ళిపో అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

డిసెంబరు 2

సారీ అని నేను పెట్టిన మెసేజ్ అపర్ణ చూసింది. జవాబివ్వలేదు.

డిసెంబరు 25, రేపల్లె, సాయంత్రం

సెలవు మీద వచ్చినట్టు రమ్మన్నాడు నాన్న. జుట్టు కత్తిరించుకుని మరీ రమ్మన్నాడు. ఏం మనిషో! చర్చిలో పిల్లలు సెల్యూట్లు కొట్టారు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ నిలబడి చెప్పడం మా వాడుక. సాక్ష్యం చెప్పమ్మా అని పాస్టరు అయ్యగారు పిలిచారు. నాన్నే మైకు తెచ్చి చేతికిచ్చాడు. నా మొహం చూడలేదు.

నేను సెలెక్ట్ కాలేదండి అన్నాను. తెనాలిలో మా పిన్ని ఇంట్లో దాక్కున్నానండి. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తున్నాను, అప్పుడూ రాకపోవచ్చు.

ఎవరూ ఆమెన్ అనలేదు. అమ్మ బాబోయ్, మరి ఆ బిర్యానీ ఎందుకు పెట్టినట్టూ అంది వెనకనుంచి ఒక ఆంటీ. నవ్వులు. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

పరువు తీశావు అన్నాడు ఇంటికొచ్చాక. అంతే, అన్నం కూడా ముట్టలేదు. నాకూ ఏడుపాగడం లేదు. నాన్నని అందరి ముందూ అలా నిలబెట్టాల్సింది కాదేమో. నిలబెట్టకపోతే ఎలా?

జనవరి 11, బాపట్ల

మాస్టారు అపర్ణనే అడగమన్నారు, అపర్ణ టీములో చేర్చుకుంది. మాస్కు లేకుండా పరిగెత్తాను. ఫ్లెక్సీ నాన్నే వెళ్ళి విప్పుకొచ్చాడట, పిన్ని చెప్పింది. నాతో మాత్రం మాట్లాడడు.

ఫిబ్రవరి 16, బెంగళూరు

స్క్రీన్డ్ ఇన్. ఫోన్లు ఇచ్చేయమంటున్నారు. నాన్నకి చేశాను. ఈసారి వెంటనే పెట్టేయలేదు. ఇంకా నాలుగు రోజులున్నాయి కదమ్మా అన్నాడు.