కోదాడ కొట్టులో తలూపిన తమ్ముడు

సూర్యాపేట, 1998, ఆదివారం రాత్రి

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. ఇంట్లో కంప్యూటర్ మీద నా పాటలు రికార్డు చేసుకోవడానికి కీబోర్డు కొందామని తమ్ముడు శ్రీనును వెంటబెట్టుకుని కోదాడ వెళ్లాను. వాయించేది నేను. కొట్టతను మాట్లాడింది మాత్రం వాడితో.

రంగురంగుల లైట్లున్న చిన్న కీబోర్డు ముందు పెట్టాడు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా అందులో ఒకటే మోత. మూలనున్న పెద్ద మిడి కీబోర్డు చూపించమన్నాను.

"దానికి సొంతంగా సౌండే ఉండదండీ, కంప్యూటర్‌కి తగిలించాలి. ఆడవాళ్లకి అదంతా ఎందుకు? బాబూ, మీరైనా చెప్పండి అక్కగారికి," అని నవ్వాడు.

శ్రీను తలూపాడు. "అవునక్కా, గీ చిన్నది సాలు తీ. నీకు గా పరేషాన్ అంత ఎందుకు?"

"కంప్యూటర్ నడిపేది నేనే, పాట కట్టేది నేనే. నాకేం గావాల్నో నువ్వు జెప్తవారా?" అని అక్కడే అరిచాను. పెద్దదే కొన్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. వాడు పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

కొట్టతని మీద కోపం మునగాల దాటేసరికే చల్లారింది. శ్రీను మీదిది చల్లారడం లేదు. ఇందాక గుమ్మం దగ్గరికొచ్చి, "ఇంక కోపమేనా అక్కా?" అన్నాడు. కొట్టతనికి నేనెవరో తెలియదు. వీడు నా పాటలు వింటూ పెరిగాడు. వీడి పెళ్లిలో అందరూ పాడిన పాట నేను కట్టిందే. అయినా అంత తేలిగ్గా ఎలా తలూపాడు...