మిషన్ మీద ముగిసిన బొంత

కామాక్షీ,

ఈరోజు నీ సంవత్సరీకం. నువ్వు నీ పాత చీరలతో సగం కుట్టి వదిలిన బొంతను చాకలికి ఇచ్చేయమని మా అక్క ఏడాదంతా పోరింది. పోయినవాళ్ల చీరలు ఇంట్లో ఉంచకూడదట. ఇన్ని పుస్తకాలు తిరగేశాను, ఆ మాట ఎక్కడా కనబడలేదు.

తిరుత్తణిలో టైలరు మిషన్ మీద దాన్ని పూర్తి చేయించాను. తన బరువుకే బొంత బల్ల మీంచి జారుతుంటే, కుట్టు పూర్తయ్యేదాకా అవతల నిలబడి నేనే ఎత్తి పట్టుకున్నాను.

ఈ పొద్దున చుట్టాల ముందే మంచం మీద పరిచాను.

"రేయ్, సచ్చినదాని చీరల మీద పండుకుంటావా? సిగ్గులేదా?" అంది అక్క.

"నువ్వు యాడన్నా కూచో అక్కా. ఈ మంచం మటుకు మా ఇద్దరిదీ" అన్నాను.

ఆమె అన్నం ముట్టకుండా పాండూరు బస్సెక్కింది. నేను కడుపునిండా తిని, ఆ బొంత మీదే పడుకుని నీకిది రాస్తున్నాను.