ఎవరి సీసా వాళ్లదే

చెల్లీ, నేను క్షేమం, నా మోకాళ్లూ క్షేమం. పై ఆదివారం మా కుట్టు షెడ్డు వాళ్లం అడవిలో రోజంతా తుపాకీలాట ఆడుతున్నాం. రంగు గుండు తగిలితే అవుట్. నిన్న బ్యాగులు సర్ది చూసుకుంటుంటే, అవతలి జట్టులో ఉన్న సూపర్‌వైజరు అందరి నీళ్ల సీసాలూ నా బ్యాగులో కుక్కి, "అక్కా, నువ్వు చెట్టు కింద కూర్చుని సామాన్లు చూసుకో" అన్నాడు. ఒళ్లు మండింది. ఎవరి సీసా వాళ్ల చేతిలో పెట్టేశాను. ఇప్పుడు నా బ్యాగులో నా సీసా, ఇంకో జత సాక్సు, కళ్లజోడు జారకుండా నేనే కుట్టుకున్న పట్టీ ఉన్నాయి. నాన్న ఆకుపచ్చ రెయిన్‌కోటు వెంటనే పంపు, ఆకుల్లో కలిసిపోవాలి. మీ వంటింటి కుళాయి కారడం ఆగిందా? ఈ వయసులో తుపాకీలాటేంటని మీ ఆయన నవ్వితే నవ్వనీ. పిల్లలకు ముద్దులు. చెట్టు కింద కూర్చోమన్నాడుగా, కూర్చుంటాను. తుపాకీ పట్టుకుని, వాడు అటు వచ్చేదాకా.

మీ అక్క