తాళం ఏ అలంకారం?

పటమట,
ఆదివారం.

చిరంజీవి భానుశ్రీకి,

రాజేశ్వరి మేడమ్ ఆశీస్సులు. వాట్సాప్‌లో రెండుసార్లు రాశాను. నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. మీరు ఇబ్రహీంపట్నం మారారని చెప్పి లెక్కల డయానా మేడమ్ అడ్రసు ఇచ్చింది, అందుకే ఈ ఉత్తరం. నాలుగేళ్ళ తర్వాత ఈవిడకి నాతో ఏం పని అనుకుంటావేమో. పనీ ఉంది, మనసులో పెట్టుకున్న మాటా ఉంది.

ముందు పని. మన స్కూలు పిల్లల కవితలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నాం. అలంకారాలు బట్టీ పట్టించడమంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంటని నీకు తెలుసు. లక్షణం, ఉదాహరణ, సమన్వయం అని వల్లించేస్తే అలంకారం వచ్చినట్టేనా? కవిత చదవాలి, తనూ ఒకటి రాయాలి, అప్పుడు గానీ ఒంటబట్టదు. పక్క సెక్షన్లో గైడు చూసి చెప్తుంటే నేను మీచేత రాయించాను. సిలబస్ వెనకబడిందని ప్రిన్సిపాల్ చేత మాటలు కూడా పడ్డాను. పుస్తకంలో ఒక్కో అలంకారం కింద ఒక్కో కవిత వేస్తాం. రూపకం కింద నీదే ఉండాలి. నా డైరీలో రాసి పెట్టుకున్నాను చూడు:

మా ఇంటికి తాళం వేసి ఉంటుంది
మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది
చుట్టాలొచ్చి తాళం చూసి
ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతారు
అమ్మ కిటికీలోంచి
వాళ్ళ వీపులు చూస్తుంది

ఆ రోజు దీన్ని బోర్డు మీద రాసి పీరియడంతా చెప్పాను. ఇల్లంటే ఆడదాని మనసు, తాళమంటే కట్టుబాటు, చుట్టాలంటే లోకం. "ఇక్కడ తాళమంటే తాళం కాదర్రా" అన్నాను. టెన్త్‌లో లేని రూపకాతిశయోక్తి దాకా వెళ్ళిపోయాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నువ్వొక్కదానివే తల వంచుకుని కూర్చున్నావు. సిగ్గుపడుతున్నావనుకున్నాను.

ఇక మనసులో మాట. ఆ ఫిబ్రవరిలో మీ అమ్మగారు కనకలక్ష్మిగారికి పక్షవాతం వచ్చిందని తెలిసింది. మీ నాన్నగారు రోజూ బయట తాళం వేసుకుని బట్టల కొట్టుకి వెళ్ళేవారనీ, రెండో తాళంచెవి నీ బ్యాగులో ఉండేదనీ, సాయంత్రం నువ్వెళ్ళి తలుపు తీసేదాకా ఆవిడ వంటింట్లో నేలమీదే పడి ఉన్నారనీ డయానా చెప్పింది. నీ కవితలో తాళం నిజంగా తాళమేనని నాకు అప్పుడే తెలిసింది. నమ్ము తల్లీ, తెలిస్తే ఊరుకునేదాన్నా? మిమ్మల్ని చూడటానికి వద్దామని ఎన్నిసార్లో బయల్దేరాను, కాళ్ళు రాలేదు. ఇప్పటికీ రూపకం పాఠం వచ్చిందంటే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. నీ కవితలో అలంకారం వెతికాను గానీ నీ బాధ వెతకలేదు. తెలియక చేసిన తప్పు. ఈ మేడమ్‌ని క్షమించి, కవిత వేసుకోమని ఒక్క ముక్క రాయి.

నీ మేలు కోరే,
రాజేశ్వరి


ఇబ్రహీంపట్నం,
శుక్రవారం.

రాజేశ్వరి మేడమ్ గారికి,

భానుశ్రీ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. అమ్మకి చదివి వినిపించాను. మాట రాదు గానీ అమ్మకి అన్నీ అర్థమవుతాయి. రెండోసారి చదవమని చేత్తో సైగ చేసింది, చదివాను.

కవిత రాయడం నాకు మీవల్లే వచ్చింది మేడమ్, అది కాదనను. మీరు చెప్పిన పద్ధతి నాకు ప్రాణం. ఇంట్లో సంగతి బయట చెప్తే నాన్న చంపేస్తారు, హోంవర్కులో రాస్తే ఎవరూ ఏమీ అనరు కదా అనుకున్నాను. అందుకే రాసి మీకిచ్చాను.

మీరొకటి మర్చిపోయారు. ఆ రోజు లంచ్ బెల్ అయ్యాక స్టాఫ్ రూముకి వచ్చాను. మీరొక్కరే ఉన్నారు, పెరుగన్నం కలుపుకుంటున్నారు. "అది రూపకం కాదు మేడమ్, స్వభావోక్తి" అన్నాను. మీరు నవ్వి లక్షణం చెప్పమన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అని చెప్పి, బ్యాగులోంచి తాళంచెవి తీసి మీ టేబుల్ మీద పెట్టాను. మీరు నవ్వడం ఆపేశారు. గుమ్మం వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు: "మీ నాన్నగారు మన స్కూలుకి యూనిఫామ్ బట్ట ఇస్తారమ్మా. కరస్పాండెంట్ గారికి బాగా కావలసినవారు. పరీక్షలో రూపకమనే రాయి." ఎడమచేత్తో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి గుప్పిట మూశారు. నేను క్లాసుకి వెళ్ళిపోయాను.

అది నవంబరు. అమ్మ పడిపోయింది ఫిబ్రవరిలో. మధ్యలో మూడు నెలలున్నాయి. కొన్ని గంటల ముందు తీసుకొస్తే మాట నిలిచేదేమో అని ఆస్పత్రిలో అన్నారు. ఇప్పుడు మా ఇంటికి తాళం వెయ్యట్లేదు. అమ్మ మంచం దిగలేదు కాబట్టి నాన్నకి ఆ అవసరం లేదు.

మీమీద నాకు చాలా కోపం ఉంది మేడమ్. నాన్నమీద ఉన్నదానికంటే ఎక్కువ. ఆయన్నుంచి నేనేమీ ఆశించలేదు.

కవిత వేసుకోండి. నా పేరుతోనే వేసుకోండి, కాకపోతే స్వభావోక్తి కింద వెయ్యండి. ఇక క్షమించడం సంగతి. మీరు తెలియక చేసినదానికి అడిగారు. తెలియక మీరేమీ చెయ్యలేదు. తెలిసి చేసినదానికి అడగండి. అది కూడా అమ్మకి చదివి వినిపిస్తాను. ఔననడానికీ కాదనడానికీ తల ఊపడం అమ్మకి ఇంకా వచ్చు.

మీ విద్యార్థిని,
భానుశ్రీ