అలకని గోడలు

మహానంది దగ్గర,
కార్తీక సోమవారం

పెద్దక్కకు నీ చెల్లెలు నాగమ్మ దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. బావ, పిల్లలు, మన నాయన ఎలా ఉన్నారు? మేం బాగున్నామని మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే మొన్నటిదాకా బాగాలేము. అప్పుడే రాస్తే నువ్వు అన్నం మానేస్తావని రాయలేదు. తిట్టుకోవద్దు.

మన ప్యాపిలిలో బిందెడు నీళ్లకు కొట్లాడినదాన్ని. ఇక్కడ కౌలుకు తీసుకున్న అరటితోటలో ఏడాదంతా నీళ్లు పారుతుంటే మురిసిపోయాను. ఆ నీళ్లతో దోమలు కూడా వస్తాయని ఎవరికి తెలుసు? పొద్దు గూకితే చెవుల దగ్గర ఒకటే గోల.

వానలప్పుడు సర్కారు మనుషులు వచ్చి ఇంటింటికీ దోమల మందు కొట్టారు. గోడలన్నీ తెల్ల మరకలు, ముక్కు పగిలే వాసన. వాళ్లలో మస్తానన్న అని ఒకాయన, "గోడలకు ఏమీ పూయగాకండమ్మా" అని చెప్పి మరీ పోయాడు. నా చెవికెక్కితే గదా! వినాయక చవితి వచ్చిందని, నువ్వు నేర్పినట్టే ఎర్రమన్ను, పేడ కలిపి గోడలన్నీ అలికి, సున్నంతో ముగ్గులు తీశాను. వీధి ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. నాకెంత గర్వమో!

పండగైన పదిహేను రోజులకు మన లక్ష్మికి చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. మూడు కంబళ్లు కప్పినా పళ్లు టకటకలాడేవి. నాలుగేళ్ల పిల్ల, మెతుకు ముట్టలేదు. ఒకరోజు కళ్లు తేలేసింది. మీ మరిది బండి కట్టి నంద్యాల ఆసుపత్రికి తోలాడు. దారి పొడుగునా బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ మహానందీశ్వరుడికి మొక్కుతూనే ఉన్నాను. వేలు గుచ్చి రక్తం చూసి చేదు మాత్రలిచ్చారు. బెల్లంలో పెట్టి మింగించాను. బిడ్డ దక్కింది అక్కా.

వీధి మొత్తంలో జ్వరం వచ్చింది మా ఇంటికే. సంగతి విని మస్తానన్న వచ్చాడు. గోడలు చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఈ పని? దోమ కుట్టినాక గోడ మీద వాల్తాది. ఆడ మందు తగిలి సావాల. నువ్వు మందు మీద మన్ను కప్పితివి!"

"పండగ గదన్నా. గోడలు అట్ల పెట్టుకుంటే మంది ఏమనుకుంటారు?"

"పాప కన్నా మంది ఎక్కువైరా నీకు?"

ఏడ్చేశాను. ఆయన సామాన్లు తానే బయటికి మోసి, మళ్లీ ఇల్లంతా మందు కొట్టాడు. చెంబుడు మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. ఆయన మేలు ఈ జన్మలో మరవను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం నీళ్ల తొట్టి వంచి ఎండబెడుతున్నాను. నీ పాత పలుచటి చీరలు రెండు పంపు, దోమతెర కుట్టుకుంటాను. నాలుగు శేర్ల జొన్నలు కూడా పంపు, వరన్నం తిని తిని నోరు చచ్చిపోయింది.

శివరాత్రికి నువ్వు తప్పక రావాలి. నా గోడలు చూసి ముక్కున వేలేసుకుంటావేమో, పేడ ముద్ద మాత్రం చేత పట్టొద్దు. దీపావళికి కూడా గడపకు పసుపు పూసి ఊరుకున్నాను. నాయనకు, మీ అత్తమ్మకు మా దండాలు చెప్పు, లక్ష్మిని దీవించమను. ఇది రాస్తుంటే అది ఆ మరకల గోడకే ఆనుకుని కూర్చుని, ఇంకా అన్నం పెట్టమని కంచం వాయిస్తోంది.

నీ దగ్గర అలకడం నేర్చుకుని, బిడ్డ కోసం మానుకున్న నీ చెల్లెలు,
నాగమ్మ