పిడుగు పోస్టరు మీద నీ ఫోటో

ఏమయ్యా,

బాగున్నావా అని అడగను. నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. ఇక్కడ మేమూ బాగాలేము. నాకైతే ఒళ్లు మండిపోతోంది. ఆ మంట ఇంకెవరితో చెప్పుకోవాలో తెలియక నీకే రాస్తున్నాను.

ప్రొద్దుటూరు బస్టాండు గోడ మీద నీ ఫోటో వేశారు. పెద్ద పోస్టరు. పైన మెరుపు బొమ్మ, కింద నువ్వు. సుజాత ఓణీల ఫంక్షన్లో తీయించుకున్న ఫోటో అది... వాళ్లకు ఎవరిచ్చారో? పక్కన ఎర్రటి అక్షరాలు. పిడుగు హెచ్చరిక అందినా ఈ గొర్రెల కాపరి పట్టించుకోలేదంట, ఆ తప్పు ఇంకెవరూ చేయకూడదంట.

మొదట చూసింది మన సుజాతే. ఇంటర్ కాలేజీకి పోవాలంటే అక్కడే కదా దిగాలి. ఆ పూట కాలేజీకి పోకుండా ముద్దనూరు బస్సెక్కి తిరిగి వచ్చేసింది. నాన్న తెలిసి తెలిసీ చెట్టు కిందకు పోయాడా అని నన్ను నిలదీసింది. మనకంటే ఆయనకు గొర్రెలే ఎక్కువయ్యాయా అని ఏడ్చింది.

నేనేం చెప్పాలి? నీకు చదవడం రాదని కన్నకూతురికి కూడా తెలియనివ్వలేదు కదయ్యా నువ్వు! టీ అంగట్లో ఎవరైనా పేపరు చేతికిస్తే కళ్లజోడు మరిచిపోయానని చెప్పేవాడివి. అసలు నీకు కళ్లజోడు ఎప్పుడుంది? పిల్ల మార్కుల కాగితం తెస్తే కిందికీ పైకీ చూసి, ఇంకొంచెం గట్టిగా చదవమని తల ఊపేవాడివి. "యాడా చెప్పాకు మే, నలుగుర్లో నగుబాటైతాది" అని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నావు.

సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలి, పిల్ల అటు పోగానే ఫోను నా చేతిలో పెట్టేవాడివి. మీ మండలంలో అక్కడక్కడా పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు... మధ్యాహ్నం వచ్చిన హెచ్చరికను పొద్దుగూకినాక చదువుకుని ఇద్దరం నవ్వేవాళ్లం. ఈ హెచ్చరికలు పంపడానికి ఆఫీసువాళ్లు ఇంటికి ఒక్క నంబరే రాసుకున్నారు, అదీ నీదే. నేను జాగ్రత్త చెబితే "దినామూ టింగు టింగుమని పది వస్తాండాయి. యాది కంపెనీదో, యాది మబ్బుదో నాకేం తెలుస్తాది?" అనేవాడివి.

ఆ రోజూ అంతే జరిగింది. ఫోను ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ హెచ్చరికకు పైనొకటి, కిందొకటి రీఛార్జి మెసేజీలు.

నువ్వు ఆ వేపచెట్టు కిందకు ఎందుకు పోయావో కూడా నాకు తెలుసు. మందలో పుట్టి వారం కాని పిల్లలున్నాయి. "పెద్దవి ఎంత నానినా తట్టుకుంటాయి, పసివి నానితే బతకవు మే" అనేవాడివి. వాటిని గొంగడి కింద పెట్టుకుని కూర్చున్నావు. అవి బతికాయి. నీ మీదా నాకు కోపమే... అంత నల్లటి మబ్బు మీదికి వస్తుంటే కళ్లకు కనపడలేదా? దానికి కూడా చదువు కావాలా?

మొన్న జమ్మలమడుగులో ఆ హెచ్చరికల ఆఫీసువాళ్లు కాపర్లకు మీటింగు పెట్టారు. పోస్టరు వేయించింది కూడా వాళ్లే. సుజాతను వెంటబెట్టుకుని పోయాను. ఒక ఆఫీసరు తెర మీద మబ్బులు చూపించాడు. మబ్బు ఎంత ఎత్తుకు లేచిందో, లోపల నీళ్లు ఎంత చిక్కగా ఉన్నాయో రాడారు చూస్తుందంట. కంప్యూటరు నేలనంతా గళ్లుగళ్లుగా విడదీసి, ఏ గడి మీద ఏం జరగబోతుందో లెక్క కడుతుందంట. నువ్వు పోయిన రోజు మబ్బునూ చూపించాడు. లింగాల మీద లేచి, పులివెందుల దాటి, ఎర్రగా మన మీదికి... అర్ధగంట ముందే కనిపెట్టామని చెప్పాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. వాళ్ల పని గొప్పదే. అందుకే నాకు ఇంకా మండింది. ఆకాశంలో మబ్బును అంత దూరం నుంచి పట్టుకున్నవాళ్లు, కిందనున్న కాపరికి చదవడం వచ్చా రాదా అని ఒక్కమాట అడగలేకపోయారా? అదే ముక్క ఫోను చేసి నోటితో చెబితే వాళ్ల సొమ్మేం పోయేది?

లేచి అదే అడిగాను. నంబరు రాయించినప్పుడు నువ్వు సంతకం పెట్టావని, సంతకం వచ్చినవాడికి చదువు రాకపోవడమేంటని నన్నే తిప్పి అడిగారు. సంతకమంట! వాకిట్లో పుల్లతో గీయించి గీయించి నేర్పింది నేను కాదా? నీకది అక్షరాలు కాదు, ముగ్గు.

ఒట్టు తీసి గట్టున పెట్టానయ్యా. అందరూ వినేలా గొంతు చించుకుని చెప్పాను. నా మొగుడికి ఒక్క అక్షరం రాదు, మీ హెచ్చరిక ఆయన జేబులోకి వచ్చిందే గానీ ఆయనకు అందలేదు అని. సుజాతకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. తర్వాత అదే లేచి, మా నాన్న ఫోటో ఎప్పుడు తీస్తారని అడిగింది.

పైనుంచి ఆర్డరు రావాలంట. ఉన్నదాన్ని పీకడానికి ఆర్డరెందుకు? నేరుగా ప్రొద్దుటూరు బస్సెక్కి, తల్లీకూతుళ్లం గోళ్లతో గీకి పీకేశాం. నీ మొహం చిరగకుండా తీయాలని చూశాం. జిగురు గట్టిది, చెవి దగ్గర కొంచెం చిరిగింది.

పులివెందులలో ఇంకొకటి ఉందంట. రేపు పొద్దున్నే పోతాం. ఎందుకు పీకుతున్నారని ఎవరడిగినా, నీకు చదవడం రాదని అక్కడా గట్టిగానే చెబుతాను. నీకు నగుబాటు అనిపిస్తే తిట్టు. కలలోనైనా సరే... తిట్టడానికైనా ఒక్కసారి రా.

నీ
నాగవేణి