తలుపుకి అటువైపు

మార్చి 3, మంగళవారం

ఇవాళ కూడా షాపులో ఈగలు తోలుకున్నాను. నిజానికి ఈగలు కూడా లేవు. తలుపులమ్మే షాపులో వాటికేం పని.

షోరూమ్ నిండా తలుపులే. ఫ్రేములతో సహా వరసగా నిలబెట్టి ఉంటాయి. వెనక గదులుండవు. ఏది తీసినా అవతల మళ్ళీ ఇదే షాపు. పక్క షాపు అద్దాలాయన వచ్చి, ఈ రోజుల్లో నవ్వించే వీడియో పెడితేనే సరుకు కదులుతుందని క్లాసు పీకాడు. పోయిన వారం నేనూ ఒకటి పెట్టాను. టేకు గొప్పదనం గురించి. చూసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో మా అక్క ఒకతి. బాగుందిరా, కాకపోతే సంతాపసభలో మాట్లాడినట్టున్నావు అంది.

రోజూ షట్టర్ దించే వేళకి అక్క ఫోన్ చేస్తుంది. తిన్నావా, తాళం రెండుసార్లు లాగి చూశావా. అంతే. పనికి సంబంధం లేని మాట నాతో మాట్లాడేది తనొక్కతే.

మార్చి 6, శుక్రవారం, మధ్యాహ్నం

కామెడీ చేద్దామంటే రెండో మనిషి లేడు. మా వడ్రంగిని అడిగాను. బాబూ, ఉలి పడితే చెయ్యి వణకదు గానీ కెమెరా చూస్తే నాలుక పిడచకట్టుకుపోద్ది, నన్నొదిలెయ్యండి అన్నాడు.

కాబట్టి రెండు వేషాలూ నేనే. ముందు తలుపు బయట నిలబడి నా మాటలు షూట్ చేస్తాను. ఒక మాట అని, అవతలి జవాబు పట్టేంత సేపు ఊరుకోవాలి. నిజంగా ఎవరో మాట్లాడుతున్నట్టు తలూపాలి, నవ్వాలి. తర్వాత లోపలివైపుకి వెళ్ళి, వేషం మార్చి ఆ జవాబులు చెప్పాలి. ఎడిటింగ్‌లో ఖాళీలన్నీ కోసేసి రెండింటినీ కలిపి కుట్టేస్తాను.

లోపలి వేషానికి ఏముందా అని వెతికితే, అక్క ఎప్పుడో ఇక్కడ మర్చిపోయిన బూడిదరంగు స్వెట్టర్ దొరికింది. వేసుకోగానే తన గొంతు దానంతటదే వచ్చేసింది.

ఎవరూ? నేనే. నేనంటే ఎవరు? నీ తమ్ముణ్ణి. ఏ తమ్ముడు? ఉన్నది ఒక్కణ్ణే కదక్కా! గొంతు అలా ఉందేం? జలుబు చేసింది. అయితే తగ్గాక రా.

కింద షాపు అడ్రసు. చేస్తున్నంతసేపూ నాకే నవ్వాగలేదు. అచ్చం అక్కే.

మార్చి 9, సోమవారం

పొద్దున్నుంచి ఫోన్ కాలిపోతోంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళంతా స్వెట్టరక్కయ్య సూపర్ అంటున్నారు. పేరు కూడా వాళ్ళే పెట్టేశారు.

అక్క ఫోన్ చేసింది. ఆ స్వెట్టర్ నాదే కదరా అని నవ్వింది. కాసేపే నవ్వింది.

మార్చి 14, శనివారం, సాయంత్రం

అక్కయ్య వీడియోలు ఇంకొన్ని వదిలాను. ఇప్పుడు షాపు నిండా జనం. తలుపులు తడుతున్నారు, నేనంటే ఎవరు అని అరుస్తున్నారు, ఫొటోలు దిగుతున్నారు. కొందరు కొంటున్నారు కూడా. వడ్రంగికి తల దువ్వుకునే తీరిక లేదు. అక్కయ్యగారేరండీ అని ఒకావిడ ప్రతి తలుపు వెనకా వెతికింది. నేనేనండీ అంటే మొహం చిన్నబుచ్చుకుంది.

షట్టర్ దించాక ఇదంతా చెప్పాలనిపించింది. అక్క ఫోన్ రాలేదు. నేనే చేశాను. బావ ఎత్తి, తలనొప్పి అని పడుకుంది అన్నాడు.

మార్చి 16, సోమవారం

అక్క షాపుకే వచ్చింది. తను స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. పిల్లల్ని చేర్పించడానికొచ్చిన వాళ్ళు కౌంటర్ కిటికీ కొట్టి, స్వెట్టరక్కయ్యా, నేనే అంటున్నారట. స్టాఫ్ రూములో కూడా అదే పాటట. నలుగురిలో నవ్వులపాలు చేశావు, తీసెయ్యరా అంది.

ఇప్పుడిప్పుడే సరుకు కదులుతోంది, సరదాకే కదక్కా, ఒక్క నెల ఓపిక పట్టు అన్నాను.

అక్కడున్న స్వెట్టర్ చేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది. అమ్మ నైట్ డ్యూటీకి వెళ్తే, ఎవరు తలుపు తట్టినా అన్ని ప్రశ్నలు ఎందుకడిగేదాన్నో నీకు తెలీదా అని. నువ్వు నా గౌను పట్టుకుని వెనకాల దాక్కునేవాడివి, నాకు మాత్రం ఎన్నేళ్ళురా, నాకూ భయమేసేది అంది.

స్వెట్టర్ మడతపెట్టి తీసుకెళ్ళిపోయింది.

మార్చి 17, మంగళవారం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలవడానికి ఇంటినే రచ్చకెక్కించాను.

అక్కయ్య వీడియోలన్నీ తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఊళ్ళో ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి. తీసేశానక్కా అని మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబు లేదు.

మార్చి 18, బుధవారం

ఫోన్ రాలేదు. తాళం రెండుసార్లు లాగి చూశాను.

మార్చి 22, ఆదివారం

అక్క ఇంటికెళ్ళాను. ఆ తలుపు మా షాపుదే. బయట ఎవరున్నారో చూసుకోవడానికి దానికి చిన్న అద్దం బిగించింది నేనే. తట్టాను. అద్దంలో వెలుగు పోయింది. అక్క అటువైపు నిలబడి చూస్తోంది.

నేనే అన్నాను.

ఎవరూ అని అడగలేదు. కాసేపటికి అద్దంలో మళ్ళీ వెలుగొచ్చింది.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈ డైరీలో కూడా దాచుకుంటే ఇంకెక్కడ చెప్పుకోను.

మార్చి 26, గురువారం

జనం తగ్గారు. వడ్రంగి ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ, ఇంకేదైనా చెయ్యండి బాబూ అని గొణిగాడు. సరే, అక్క లేకుండా ఒకటి. బయట కొరియర్ మనిషి, లోపల చెవిటి తాతయ్య. షూట్ చేసి, కోసి, కుట్టి, పెట్టేశాను. నవ్వు రాలేదు.

మార్చి 27, శుక్రవారం

కొంప మునిగింది. కుట్టిన ఫైలు బదులు కొయ్యని ఫైలు పెట్టాను.

అందులో నేనొక్కణ్ణే. తలుపు తడతాను, మాట్లాడతాను, ఊరుకుంటాను. ఎవరూ లేనిచోట తలూపుతాను, నవ్వుతాను. చివర్లో కెమెరా ఆపడం మర్చిపోయాను. తలుపుకి నుదురానించి, అక్కా, నేనే, తలుపు తియ్యవా అంటున్నాను. అలా అన్నట్టు నాకే గుర్తు లేదు. తర్వాత ఊరుకున్నాను. జవాబు పట్టేంత సేపు.

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. తీసేద్దామనుకునేలోపు ఊరంతా పాకిపోయింది.

మార్చి 30, సోమవారం

డ్యూయెట్లట. నా వీడియో పక్కన వాళ్ళ మొహం పెట్టుకుని, నా ఖాళీల్లో వాళ్ళు జవాబులు చెబుతారు. నర్సులు, డ్రైవర్లు, కాలేజీ పిల్లలు, పళ్ళు లేని ఒక ముసలాయన. చివరి ఖాళీలో అందరూ అక్కే. పొమ్మన్న వాళ్ళున్నారు, చీపురు చూపించిన వాళ్ళున్నారు. ఒకమ్మాయి మాత్రం, రా నాన్నా అంది. దాన్ని నాలుగైదుసార్లు చూశాను.

అన్నీ చూస్తున్నాను. ఒక్కటీ వదలడం లేదు.

ఏప్రిల్ 1, బుధవారం

ఊరంతా నాతో మాట్లాడుతోంది. ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 4, శనివారం, బస్సులో

ఇందాక షాపులో ఉండగా ఇంకో డ్యూయెట్ వచ్చింది. మొహం లేదు. ఒక తలుపు, లోపలివైపు నుంచి. గడియ మీద బూడిదరంగు స్వెట్టర్ చెయ్యి. ఆ చివరి ఖాళీలో, ఎవరూ అంది.

అని ఊరుకుంది. నా జవాబు పట్టేంత సేపు.

ఎదురుగా కొనేవాళ్ళున్నారు. నేనే అక్కా అన్నాను, ఫోన్‌తోనే, గట్టిగా.

తాళం వేశానో లేదో గుర్తులేదు.